ట్రయల్‌లో చేర్చమంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది కొత్తగూడెం దగ్గర ఒక పల్లె. మా పాపకి తొమ్మిదేళ్ళు. జ్వరం తగ్గక, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడితే ఖమ్మంలో రక్తపరీక్ష చేయించాం. అక్కణ్ణించి హైదరాబాద్ పంపారు. బోన్‌మ్యారో చేసి బ్లడ్ క్యాన్సర్, బి-సెల్ ఏఎల్ఎల్ అన్నారు. నయమయ్యే రకమేనని ధైర్యం చెప్పి ఆరోగ్యశ్రీలో చేర్చుకున్నారు. మందులు మొదలైన కొద్దిరోజులకే డాక్టరుగారు పిలిచి, ఒక ట్రయల్ ఉంది చేరతారా అని అడిగారు. అందరికీ కీమో ఒకటేనట. స్టెరాయిడ్ మాత్రం ఒక గ్రూపు పిల్లలకి ఎప్పటిలా ఇస్తారట, రెండో గ్రూపుకి తక్కువ రోజులు ఇస్తారట. ఎవరు ఏ గ్రూపో కంప్యూటర్ చెబుతుందట. చేతిలో కాగితాల కట్ట పెట్టి రెండు రోజుల్లో చెప్పమన్నారు. మా ఆయన లారీ మీద వెళ్తారు, ఇప్పుడు నాగపూర్ దారిలో ఉన్నారు. మా బావగారేమో “భద్రాచలం హాస్టల్ పిల్లలకి సూదులు వేశారే, ఇదీ అంతే. పిల్లని ఎలుకని చేస్తారు. ఊరికి తీసుకొచ్చేయండి, తెలిసినాయన పసరు మందు ఇస్తాడు” అంటున్నారు. వద్దంటే డాక్టరుగారికి కోపం వస్తుందేమో, పాపని సరిగ్గా చూడరేమో, ఆరోగ్యశ్రీ ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. పాపకి ఈ సంగతి చెప్పాలా వద్దా?
– ఒక తల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

సమాధానం:

అమ్మా, మీకు రెండు రోజులే గడువుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు ముందే ఫోన్‌లో చెప్పాను. ఇదే సందేహం ఇంకా చాలామంది తల్లిదండ్రులకి ఉంటుందని వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఒక ఆసుపత్రిలో ట్రయల్స్‌కి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యురాలిని. అంటే వైద్యం చదవని మనిషిగా, మీలాంటివాళ్ళ చేతికి వచ్చే ఆ కాగితాలను ముందుగా చదివి, అర్థం కానిచోట అడ్డంగా ప్రశ్నలు వేయడం నా పని. అలాంటి మనిషి ఒకరు కమిటీలో ఉండి తీరాలని నియమం.

ముందు పసరు మందు సంగతి తేల్చేద్దాం. పాపని ఊరికి తీసుకెళ్ళకండి. ట్రయల్‌కి సరేనన్నా వద్దన్నా కీమో మాత్రం ఆగకూడదు. ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో పదిమందికి ఒక్కరు కూడా బతకని రోజులు 1960ల మొదట్లో ఉండేవి. ఇవాళ డబ్బున్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మన దేశంలో అన్నిచోట్లా ఆ స్థాయి రాకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి చికిత్స మధ్యలో మానేసి వెళ్ళిపోవడం. ఇంకొకటి ఇన్ఫెక్షన్లు. బావగారికి ఇంకోమాట కూడా చెప్పండి: పసరు మందు కూడా పిల్ల మీద చేసే ప్రయోగమే. కాకపోతే దానికి కమిటీ లేదు, నమోదు లేదు, పిల్లకి ఏమైనా అయితే అడగడానికి మనిషి లేడు. ఎంతమందికి ఇచ్చారో, ఎంతమంది బతికారో రాసిపెట్టిన పుస్తకం కూడా ఉండదు. కీమోతో కలిపి ఇస్తే కాలేయానికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

అలాగని బావగారిని కొట్టిపారేయకండి. ఆయన భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదీ పద్నాలుగేళ్ళ మధ్య ఆడపిల్లలకి, సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే ఆరోగ్య సంస్థ, మన ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో కలిసి నడిపిన అధ్యయనం అది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఎన్నో ఒప్పంద పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిదే, మీ పాప కోలుకున్నాక డాక్టరు వేయించమంటే వేయించండి. తప్పు జరిగింది సంతకాల దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో గట్టిగా తప్పుపట్టింది కూడా దాన్నే. మీ జిల్లాలో ట్రయల్ అనగానే జనం ఉలిక్కిపడటంలో వింతేముంది?

మీ దగ్గరికి వచ్చిన విషయానికీ దానికీ తేడా ఒకటుంది. కాగితాలు మీ చేతికి ఇచ్చారు, మిమ్మల్నే అడిగారు, ఆలోచించుకోమని టైమిచ్చారు. ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోండి. రెండు రోజులు చాలవనుకుంటే ఇంకో రోజు అడగండి. ఈ రకం ట్రయల్‌లో మందు ఎప్పటిలోగా మార్చాలో ఒక గడువు ఉంటుంది కాబట్టి వారాల తరబడి ఆగలేరు గానీ, మీ ఆయన లారీ పక్కన ఆపుకుని డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడేంత వ్యవధి తప్పకుండా దొరుకుతుంది. ఓపీలో జనం మధ్య నిలబడి మాట్లాడొద్దు. ఆ ట్రయల్ చూసే కోఆర్డినేటర్ ఒకరుంటారు. వాళ్ళని కూర్చోబెట్టి పేజీ పేజీ చదివించుకోండి.

చదివాక మీకు మీరు ఒక పరీక్ష పెట్టుకోండి. “ట్రయల్‌లో చేరితే మా పాపకి జరిగేది ఇదీ, చేరకపోతే జరిగేది ఇదీ, తేడా ఇంత” అని మీ ఆయనకి ఒకే వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతున్నారంటే మీకు వివరించినవాళ్ళు సరిగ్గా వివరించలేదు. అప్పటిదాకా సంతకం పెట్టకండి. ట్రయల్స్ మంచివా చెడ్డవా అని ఊరంతా వాదించుకున్నా తేలదు. తేలాల్సింది ఈ ఒక్క తేడా.

మీ ఉత్తరం చూస్తే తేడా స్టెరాయిడ్ రోజుల్లో ఉంది. మన దేశంలోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు కొన్ని కలిసి ఏఎల్ఎల్ పిల్లల కోసం ఇసికిల్ పేరుతో నడిపిన ట్రయల్‌లోనూ ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంది: ఇండక్షన్ అనే మొదటి దశ చికిత్సలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఐదు వారాల బదులు మూడు వారాలు ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయా అని. ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందంటే, స్టెరాయిడ్ క్యాన్సర్ కణాలని చంపుతుంది, దాంతోపాటు పిల్లల్లో రోగనిరోధక శక్తినీ పడగొడుతుంది. అసలే బక్కచిక్కి వచ్చే మన పిల్లలకి మొదటి నెలలో ప్రాణం మీదికి తెచ్చేవి ఈ ఇన్ఫెక్షన్లే. రోజులు తగ్గిస్తే అవి తగ్గవచ్చు. మరి జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందేమో? ఇలాంటి ప్రశ్నకి జవాబు ముందే తెలిస్తే ట్రయల్ పెట్టకూడదు. ఒక వైపు మంచిదని తెలిసీ సగంమంది పిల్లలకి రెండోది ఇవ్వడాన్ని ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. కంప్యూటర్ చేత లాటరీ తీయించడం కూడా అందుకే. డాక్టరుకి నచ్చిన పిల్లలు ఒక వైపు, నీరసంగా ఉన్న పిల్లలు ఇంకో వైపు చేరిపోతే ఆ లెక్కకి అర్థం ఉండదు.

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఇంకో పొరపాటు పడతారు. కొత్తది కాబట్టి మంచిదే అయ్యుంటుంది, మా పాప ఆ గ్రూపులో పడితే బాగుణ్ణు అని మొక్కుకుంటారు. అమెరికాలో పిల్లల క్యాన్సర్ల మీద జరిగిన వందకు పైగా ట్రయల్స్‌ని ఒకచోట చేర్చి 2005లో లెక్క తీశారు. కొత్త చికిత్స మెరుగని తేలిన సందర్భాలూ, పాతదే మెరుగని తేలిన సందర్భాలూ దాదాపు సమానంగా ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇది రేపు మీ ఇంట్లో ఉండబోయే మాత్ర. ఇంకొన్నాళ్ళకి మీ పాప మెయింటెనెన్స్‌లోకి (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం మందులిచ్చే చివరి దశలోకి) వచ్చాక రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ ఇస్తారు. దానికి దగ్గర బంధువు థయోగ్వానిన్. అది ఇంకా బలంగా పనిచేస్తుందన్న ఆశతో 1990ల్లో బ్రిటన్‌లో, అమెరికాలో పెద్ద ట్రయల్స్ చేశారు. థయోగ్వానిన్ తీసుకున్న పిల్లల్లో కొందరికి కాలేయంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోయాయి. పొట్ట ఉబ్బి, బరువు పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మొత్తం మీద బతికినవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. అందుకే ఇవాళ మీ పాపకి మెర్కాప్టోప్యూరినే ఇస్తారు. అక్కడ కొత్త మందు గ్రూపులో పడ్డ పిల్లలకి నష్టం జరిగింది, దాన్ని దాచిపెట్టి చెప్పేవాళ్ళని నమ్మకండి.

దీనికి రెండో పక్క కూడా చూడండి. ఒకప్పుడు ఏఎల్ఎల్ పిల్లల్లో చాలామందికి జబ్బు మెదడులోకి పాకకుండా తలకి రేడియేషన్ ఇచ్చేవారు. బతికేవారు గానీ చదువులో వెనకబడేవారు, ఎత్తు పెరిగేవారు కాదు, కొందరికి ఏళ్ళ తర్వాత మెదడులో కణితులు వచ్చేవి. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 498 మంది పిల్లలకి ముందుజాగ్రత్త రేడియేషన్ పూర్తిగా మానేసి, మందులే జాగ్రత్తగా సరిచేసి చికిత్స చేసింది. 2009లో ఫలితాలు ప్రచురించారు. అప్పటి దాకా ఉన్న ఏ ఫలితాలకీ అవి తీసిపోలేదు. ఇవాళ మీ పాపకి తల మీద రేడియేషన్ మాట ఎవరూ ఎత్తకపోతే దాని వెనక ఇలాంటి ట్రయల్స్ ఉన్నాయి. మీకు చెప్పిన స్టెరాయిడ్ ట్రయల్ కూడా ఈ కోవలోదే. కొత్త విషం ఎక్కించేది కాదు, ఉన్నదాన్ని తగ్గించి చూసేది.

ఎలుక అన్న మాటకి కూడా ఒక జవాబుంది. పాప ఫైలు తెరిచి చూడండి, వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ దగ్గర మెథోట్రెక్సేట్ అని రాసి ఉంటుంది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తయారుచేసిన మందు అది. దానికి ముందు అదే బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లలకి వాడారు. 1948లో ఆయన రాసిన వ్యాసంలో ఉన్నది 16 మంది పిల్లలు. పదిమందికి కొన్నాళ్ళు జబ్బు తగ్గింది, తర్వాత తిరగబెట్టింది. అప్పట్లో అదే గొప్ప. ఆ పిల్లల దగ్గర మొదలైన లెక్కే ఇవాళ మీ డాక్టరుగారు “నయమయ్యే రకమే” అనడం దాకా వచ్చింది.

ఇక మీరు వెళ్ళి అడగాల్సినవి. మా కమిటీకి వచ్చిన ఒక ప్రొటోకాల్‌లో (ట్రయల్ ఎలా నడుపుతారో రాసిన పత్రంలో) ట్రయల్ కోసమని విడిగా ఇంకో బోన్‌మ్యారో రాశారు. పిల్లకి మత్తిచ్చి ఎలాగూ చేసే రోజు ఒకటుంది కదా, దాంట్లోనే కలపండి అని మేం అడిగితే కలిపారు. అలాంటిదే మీరూ అడగండి: చికిత్సకి అవసరమైనవి కాక, ట్రయల్ కోసమే ఎన్ని సూదులు, ఎంత రక్తం, వెన్నులో గానీ బోన్‌మ్యారో గానీ అదనంగా ఎన్నిసార్లు? కొత్తగూడెం నుంచి అదనంగా ఎన్నిసార్లు రావాలి, వస్తే దారి ఖర్చు ఇస్తారా? తక్కువ రోజుల గ్రూపులో పడి, ఇండక్షన్ చివర, మిగిలిన క్యాన్సర్ కణాలని వెతకడానికి చేసే ఎంఆర్‌డీ పరీక్షలో జబ్బు ఇంకా మిగిలుందని తేలితే అప్పుడేం చేస్తారు? మధ్యలో ఒక గ్రూపు పిల్లలకి నష్టం జరుగుతోందని తెలిస్తే ఆపేది ఎవరు? పెద్ద ట్రయల్స్‌కి మధ్యమధ్యలో లెక్కలు చూసే స్వతంత్ర కమిటీ ఒకటి ఉంటుంది, మీ ట్రయల్‌కి ఉందో లేదో కనుక్కోండి. వీటికి తడుముకోకుండా జవాబులొస్తే సగం బెంగ తీరుతుంది.

డబ్బు సంగతి. ట్రయల్‌లో చేరనంత మాత్రాన మామూలు చికిత్సకి ఆరోగ్యశ్రీ ఆగదు. చేరితే మాత్రం ట్రయల్ కోసమే చేసే పరీక్షల ఖర్చు ఎవరిదో కాగితంలో రాసి ఉండాలి. లేకపోతే రాయించండి. ట్రయల్ వల్ల పాపకి హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, పరిహారం ఎవరిస్తారు అన్నదీ అంతే. మందుల కంపెనీలు నడిపే కొత్త మందుల ట్రయల్స్‌కి 2019 నాటి నియమాల్లో ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్లు తమంతట తాము నడిపే అకడమిక్ ట్రయల్స్‌కి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు వర్తిస్తాయి. మీది రెండో రకంలా కనిపిస్తోంది, కాబట్టి ఆ ఒక్క పేరా ప్రత్యేకంగా చదివించుకోండి.

అదే కాగితంలో సీటీఆర్‌ఐ నంబరు ఉంటుంది. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయలూ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలెవరైనా ఉంటే ఫోన్‌లో ఆ నంబరు కొట్టి చూడమనండి. ఎవరు నడుపుతున్నారు, ఎక్కడెక్కడ జరుగుతోంది, ఎంతమంది పిల్లలు కావాలి అన్నీ కనబడతాయి. నంబరే లేదంటే అక్కడితో మాట ఆపేయండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి దాటవేయను. పైన చెప్పిన ప్రశ్నలకి సూటిగా జవాబులొస్తే, ఈ రకం ట్రయల్‌కి నేనైతే ఒప్పుకుంటాను. రెండు గ్రూపుల్లోనూ అసలు చికిత్స ఉంది, తేడా చిన్నది, ప్రతి జ్వరమూ ప్రతి బ్లడ్ కౌంటూ రాసుకునే మనిషి ఒకరు అదనంగా ఉంటారు. అన్ని ట్రయల్స్‌కీ ఇదే మాట అనను. జబ్బు తిరగబెట్టి, తెలిసిన మందులన్నీ అయిపోయాక, పిల్లలు ఎంత డోసు తట్టుకుంటారో చూడటానికి పెట్టే మొదటి దశ ట్రయల్స్ వేరు. అక్కడ నయమవుతుందన్న ఆశ చాలా తక్కువ, ఆసుపత్రిలో గడిపే రోజులు ఎక్కువ. అందుకు ఒప్పుకున్న తల్లిదండ్రులు గొప్పవాళ్ళే, వద్దని పిల్లని ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకున్నవాళ్ళూ అంతే. వాట్సాప్‌లో ఎవరో పంపారని మీరు ఫోన్‌లో చెప్పిన కార్-టి చికిత్స (రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపేది) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది నిజమే. అది మామూలు చికిత్సకి లొంగనివాళ్ళకీ జబ్బు తిరగబెట్టినవాళ్ళకీ, అదీ పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి. మీ పాపకి ఇప్పుడు దాని అవసరమే లేదు.

పాపకి చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా ఏడేళ్ళు దాటిన పిల్లలకి నోటిమాటగా వివరించి ఒప్పుకోలు తీసుకోమంటాయి, పన్నెండు దాటితే రాతలో తీసుకోమంటాయి. నియమం సంగతి అలా ఉంచండి. తొమ్మిదేళ్ళ పిల్లకి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తెలుసు. పక్క బెడ్ పిల్లకి జుట్టు ఊడిపోవడం చూసింది, మీరు వరండాలో ఏడవడం చూసింది. ఇలా చెప్పి చూడండి: “నీ రక్తంలో పాడు కణాలు పెరిగాయి, వాటిని పోగొట్టడానికే ఈ మందులు. ఇందులో ఒక మాత్ర ఎన్నాళ్ళు వేసుకుంటే మంచిదో డాక్టర్లకి ఇంకా తేలలేదు. కొంతమంది పిల్లలకి ఎక్కువ రోజులు, కొంతమందికి తక్కువ రోజులు ఇచ్చి చూస్తున్నారు. నిన్నూ అందులో చేర్చమంటావా?” పాప మొదట అడిగేది సూదుల గురించే. అందుకే ఆ లెక్క ముందు డాక్టరుగారి దగ్గర తెలుసుకుని వెళ్ళండి. లేవని చెప్పి తర్వాత గుచ్చితే ఇక మీ మాట నమ్మదు. ఆ మాత్ర వేసుకున్నన్నాళ్ళూ రాత్రి రెండింటికి లేచి అన్నం పెట్టమంటుంది, ఊరికే కోపం తెచ్చుకుంటుంది, మొహం ఉబ్బుతుంది. అది మాత్ర పని, నీ తప్పు కాదని కూడా ఇప్పుడే చెప్పండి. ట్రయల్ వద్దని పాప గట్టిగా అంటే ఆ మాటకి విలువ ఇవ్వండి. కీమో వద్దంటే మాత్రం అది పాప నిర్ణయానికి వదిలేసే విషయం కాదు. రెండూ ఒకటేనని పాప అనుకోకుండా చూసుకోండి.

చేరాక మనసు మారితే ఎప్పుడైనా బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కాకపోతే చెప్పకుండా మాత్రలు ఆపేయకండి. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ట్రయల్‌లో ఉన్నా లేకున్నా జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మాట అందరూ చెబుతూనే ఉంటారు, అయినా రాస్తున్నాను.

చివరిగా డాక్టరుగారి కోపం. మీ చేతిలో ఉన్న కాగితాల్లోనే ఒకచోట, చేరకపోయినా చికిత్సలో ఏ తేడా ఉండదని రాసి ఉంటుంది. అది మర్యాదకి రాసింది కాదు, ఆ వాక్యం లేకపోతే మాలాంటి కమిటీలు ఫైలు తిప్పి పంపుతాయి. వద్దనుకుంటే ఇలా అంటే చాలు: “చదివాం సార్, ఇంట్లో మాట్లాడుకున్నాం, ట్రయల్ వద్దనుకుంటున్నాం. మామూలు చికిత్సే ఇవ్వండి.” చాలామంది డాక్టర్లు “సరే” అని ఫైలులో రాసుకుని ముందుకెళ్తారు. ఎవరైనా మొహం మాడ్చుకున్నా, మందులు ఆలస్యం చేసినా, అదే కాగితంలో ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ ఫోన్ నంబరు ఉంటుంది. ఫోన్ చేసి పాప పేరు, ఆసుపత్రి ఇచ్చిన యూహెచ్‌ఐడీ నంబరు చెప్పి జరిగింది చెప్పండి. సరేనన్నా వద్దన్నా ఆ కాగితాల కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. సంతకం పెడితే, సంతకంతో ఉన్న కాపీ అడిగి మరీ తీసుకోండి. అది మీకు ఇవ్వడం వాళ్ళ బాధ్యత.